పట్టు తెలిస్తేనే పతంగి!
నేలపైనా మంచుపైనా మనిషిని లాగే పటాలు.. కొనేముందు చూడాల్సినవి

సంక్రాంతి వచ్చిందంటే మేడలెక్కి పతంగులు ఎగరేయడం తెలుగువారు ఎక్కడున్నా మామూలే. దారం మన చేతిలో ఉంటుంది. పటం మన మాట వింటుంది. అదే పటం మనిషినే లాక్కెళ్తే?

నార్వేలోని హర్డంగర్‌విడ్డా పీఠభూమిపై జరిగేది అదే. కాళ్లకు స్కీలు కట్టుకున్నవారిని పటాలు మంచుమీద కిలోమీటర్ల కొద్దీ లాగుతాయి. అమెరికాలోని ఇవాన్‌పా ఎండు సరస్సులో మూడు చక్రాల బగ్గీలను పరుగెత్తిస్తాయి. వీటినే ట్రాక్షన్ కైట్లు అంటారు. మనకు దగ్గర్లో అయితే రామేశ్వరం తీరంలో నీటిమీద ఇలాంటి విద్యే నేర్పుతున్నారు. చదువుకో ఉద్యోగానికో చలి దేశం వెళ్లిన పిల్లాడు ‘ఒకటి కొనుక్కుంటా నాన్నా’ అని ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

గుర్రాల్లేని బండి
ఇది నిన్నమొన్నటి ముచ్చట కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు 1826లోనే పటాలు లాగే బండికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో రహదారి సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారట. గుర్రమే లేని ఈ బండికి సుంకం ఎలా వేయాలో తెలియక వదిలేశారని చెబుతారు. తర్వాత న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ లిన్ 1990 ప్రాంతంలో తయారుచేసిన బగ్గీలతో ఈ ఆట ఊపందుకుంది.

పెద్దది కొంటే అంతే సంగతులు
కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు పెద్ద పటం కొనడం. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలిలో బుద్ధిగా ఉన్న పటం, 30 కిలోమీటర్ల గాలిలో మనిషిని ఎత్తి కుదేస్తుంది. కింద సముద్రం లేదు, గట్టి నేల. ఎముకలు విరుగుతాయి, ప్రాణమే పోవచ్చు. అందుకే మొదట 2 నుంచి 3 చదరపు మీటర్ల పటంతో, నిలబడిన చోటే సాధన చేయాలి. బరువు తక్కువున్నవారు ఇంకా చిన్నది చూసుకోవాలి. గడ్డినేల కంటే మంచు జారుడు. అదే గాలికి అక్కడ చిన్న పటమే సరిపోతుంది.

చెయ్యి వదిలితే ఏమవుతుంది?
రకాలు ముఖ్యంగా రెండు. మొదటిది రెండు పిడులు, నాలుగు తాళ్లది. ధర తక్కువ, నేర్చుకోవడానికి మంచిది. పిడులు వదిలేస్తే మణికట్టు పట్టీలు బ్రేకు తాళ్లను లాగి పటాన్ని పడేస్తాయి. రెండోది నడుముకు కట్టుకునే పట్టీకి తగిలించే కడ్డీది. కడ్డీని ముందుకు తోస్తే పటం వాలు మారి లాగుడు తగ్గుతుంది. అయినా పూర్తిగా ఆగదు. ఆపదలో ఒక్క గుంజుతో విడిపోయే మీట తప్పనిసరి. గాలి నిమిషానికోలా మారే మంచు మైదానాలకు ఈ రకమే నయం. పంపుతో గాలి నింపే పటాలు సముద్రానికి అనువు. నేలకూ మంచుకూ మూతుల్లోంచి గాలి తనంతట తానే నిండే గుడ్డ పటాలు చాలు.

నేతగాళ్లకు ఇట్టే తెలుస్తుంది
ఈ పటాల గుడ్డ చూస్తే షోలాపూర్‌లోని మన పద్మశాలీలకు వేరే చెప్పక్కర్లేదు. పడుగులోనూ పేకలోనూ కొన్ని పోగులకోసారి లావు పోగు వేసి, చిన్నచిన్న గళ్లు వచ్చేలా నైలాన్‌తో నేస్తారు. చిరుగు పడితే ఆ లావు పోగు దగ్గర ఆగిపోతుంది. పైన గాలి చొరబడని పూత ఉంటుంది. పాతది కొనేటప్పుడు గుడ్డను నోటికి ఆనించి ఊదాలి. గాలి అవతలికి పోతే పూత పోయినట్టే, చవగ్గా ఇస్తామన్నా వద్దు.

తాళ్లూ గమనించాలి. చైనా మాంజాగా పిలిచే నైలాన్ మాంజా మెడలు కోస్తోందని, పక్షుల ప్రాణాలు తీస్తోందని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. ఈ పటాల తాళ్లకు గాజుపొడి ఉండదు గానీ, బిగిసినప్పుడు అవీ కోస్తాయి. జనం, కరెంటు తీగలు ఉన్నచోట ఎగరేయకూడదు. హెల్మెట్ పెట్టుకోవాలి. మొదటి పాఠాలు శిక్షకుడి దగ్గరే నేర్చుకోవాలి.

పిల్లాడు ఫోన్ చేసినప్పుడు పటం ధర తర్వాత అడగొచ్చు. సైజెంత, విడిపించే మీట ఉందా, నేర్పేవారున్నారా.. ముందు అడగాల్సినవి ఈ మూడే.