దోషము లెరిగియు చేరవచ్చునా?

ఒక మతమున చేరదలచిన వానికి సాధారణముగ ఎదురగు ప్రశ్న “ఆ బోధ సత్యమా?” అనునది. నేడు కతోలిక శ్రీసభను గూర్చి ఆలోచించువానికి దానితోపాటు మరియొక ప్రశ్నయు ఎదురగుచున్నది. “బోధ సత్యమనియే నాకు తోచుచున్నది. కాని దానిని మోయుచున్న సంస్థలో ఇన్ని దోషములున్నవే! వీనిని ఎరిగి యెరిగి చేరవచ్చునా?” చేరుమని గాని, చేరవద్దని గాని చెప్పుట ఈ ప్రసంగమునకు పని కాదు. నిర్ణయించుకొనువాడు ఏయే విషయములను వేరువేరుగ తూచి చూడవలెనో వివరించుటయే దీని ఉద్దేశము.

ఈ ప్రశ్న మన హైదరాబాదు పడమటి భాగమున కొత్తరూపమున వినబడుచున్నది. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపురము ప్రాంతములకు నలుదెసల నుండి యువజనులు వచ్చి చేరిరి. గుంటూరు పిల్లవాడు, కొట్టాయము పిల్ల, గోవా యువకుడు ఒకే గదిలో కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయుచున్నారు. ఒకడు స్నేహితుని వెంట ఆదివారపు దివ్యబలిపూజకు పోవును. ఒకతె వివాహము నిమిత్తము ఆలోచింప నారంభించును. మరియొకడు రాత్రివేళ చదివిన పుస్తకముచే కదలింపబడును. అదే రాత్రి, అదే చేతిలోని ఫోనులో, ఏదో దేశమున ఒక గురువు చేసిన ఘోరమును గూర్చిన వార్తయు అతడు చదువును.

తెలుగుదేశమున మతాంతరీకరణము పూర్వము చాలవరకు ఏకాంతమున జరిగినది కాదు. 18వ శతాబ్దమున ఫ్రెంచి జెసూట్ గురువులు రాయలసీమలో పనిచేసినపుడు బంధువర్గములు కలిసి వచ్చినవి. బాప్టిస్టు మిషనులో 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున ఒకే దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. పల్లె అంతయు కదలినపుడు సందేహమును పల్లె అంతయు పంచుకొనును, కష్టమునూ అట్లే. అద్దెయింటిలో ఒంటరిగ కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆ తోడు లేదు. కావున అతని ఆలోచన మరింత స్పష్టముగ ఉండవలెను.

మొదట ఆ దోషములేవియో దాపరికము లేక చెప్పుకొందము.

మొదటిది, గురువులు బాలబాలికలపై చేసిన అత్యాచారములు, వానిని అధికారులు కప్పిపుచ్చిన తీరు. 2002లో అమెరికాలోని బోస్టన్ నగరమున పత్రికలు బయటపెట్టినది మొదలు దేశము తరువాత దేశమున ఈ సంగతి వెల్లడియైనది. ఫ్రాన్సులో శ్రీసభయే నియమించిన స్వతంత్ర సంఘము 1950 నుండి సుమారు 2,16,000 మంది బాలబాలికలు గురువుల, మఠవాసుల చేతిలో బాధితులైరని 2021లో అంచనా వేసెను. మన దేశమున ఒక మఠకన్య చేసిన ఫిర్యాదుపై 2018లో జలంధర్ మేత్రాణి అరెస్టయ్యెను. 2022 జనవరిలో కొట్టాయము న్యాయస్థానము ఆయనను నిర్దోషియని విడుదల చేసెను. ఆ తీర్పును గౌరవించుచునే ఒక విషయము గమనింపవచ్చును. ఆ ఫిర్యాదును వినుడని కొచ్చి వీధిలో నిరసనకు కూర్చున్న మఠకన్యలును శ్రీసభ బిడ్డలే.

రెండవది కులము. ఇది మనకు మరింత దగ్గరిది. క్రీస్తు ఎదుట అందరు సమానులని బోధించిన సంఘముననే కులము గడప దాటి లోనికి వచ్చినది. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో ప్రకటించిన దళిత సాధికారతా విధానమున ఈ సంగతిని స్వయముగ అంగీకరించినది. దేశమందలి సుమారు 1.9 కోట్ల కతోలికులలో 1.2 కోట్ల మంది దళితులనియు, నాయకత్వమున వారి పాలు అత్యల్పమనియు అందు పేర్కొనబడినది. అదే సంవత్సరము ఏప్రిలులో దళితుడైన కడప మేత్రాణిని అపహరించి కొట్టిరి. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసినవారిలో ముగ్గురు గురువులుండిరి.

మూడవది అంతఃకలహములు. కేరళ సంప్రదాయమునకు చెందిన సీరో మలబారు శ్రీసభకు 2017లో శంషాబాదు కేంద్రముగ ఒక మేత్రాసనము ఏర్పడినది. ఆ శ్రీసభలోనే, దివ్యబలిపూజలో గురువు ప్రజల వైపు తిరుగవలెనా, బలిపీఠము వైపు తిరుగవలెనా అను వివాదము ముదిరి, 2022 డిసెంబరులో ఎర్నాకుళపు ప్రధాన దేవాలయము మూతపడువరకు పోయినది. ఇది మొదటి రెంటివంటి ఘోరము కాదు. కాని ప్రశాంతతను వెదకి వచ్చువానికి ఇదియు ఒక మేల్కొలుపే.

ఇన్ని తెలిసిన పిదప శ్రీసభ తన పక్షమున ఏమి చెప్పుచున్నది? ఈ ప్రశ్న దానికి కొత్తది కాదు. 4వ శతాబ్దమున ఉత్తరాఫ్రికాలో హింసాకాలమున పవిత్రగ్రంథములను అధికారులకు అప్పగించిన గురువుల చేతి సంస్కారములు చెల్లవని దొనాతు వర్గమువారు వాదించిరి. పవిత్రులైనవారి సంఘమే నిజమైన సంఘమని వారి పట్టుదల. హిప్పో పట్టణపు మేత్రాణియైన అగస్తీను దీనిని ఖండించెను. జ్ఞానస్నానమిచ్చువాడు నిజముగ క్రీస్తే. గురువు రాతికాలువ వంటివాడు. రాతికి పైరు మొలవకున్నను దానిగుండ పారిన నీరు మడిని తడుపునని ఆయన వాదము. 411లో కార్తేజి నగరమున జరిగిన చర్చాసభలో ఆయన పక్షమే నెగ్గినది. 1964లో రెండవ వాటికను మహాసభయు శ్రీసభ పవిత్రమైనదే ఐనను నిరంతరము శుద్ధి కావలసినదియని చెప్పినది. 2000 మార్చి 12న రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రీసభ బిడ్డల పాపములకై బహిరంగముగ దేవుని క్షమాపణ వేడిరి.

ఈ సమాధానమునకు బలమున్నది, హద్దును ఉన్నది. గురువు చెడ్డవాడైనంతనే బోధ అబద్ధము కాదనుట తర్కమునకు నిలుచును. లెక్కల పంతులు దుర్మార్గుడైనను రెండు రెళ్లు నాలుగే. కాని ఆ మాటనే అడ్డుపెట్టుకొని దుర్మార్గుని కొలువులో ఉంచుట తగదు. అగస్తీను వాదము సంస్కారమును కాపాడుటకు పుట్టినదే గాని నేరస్థుని కాపాడుటకు పుట్టినది కాదు. శ్రీసభ ఈ భేదమును చట్టరూపమున ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది. 2019లో ఫ్రాన్సిస్ పోపుగారు జారీచేసిన శాసనము ప్రకారము గురువులు, మఠవాసులు అత్యాచారమును, దానిని కప్పిపుచ్చుటను గూర్చి తెలిసిన సమాచారమును పై అధికారులకు నివేదింపవలెను; ప్రతి మేత్రాసనమున ఫిర్యాదులు స్వీకరించు ఏర్పాటుండవలెను. మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము బాలలపై జరిగిన నేరము తెలిసిన ప్రతివానిని పోలీసులకు తెలుపుమని శాసించుచున్నది. ఇందు గురువుకు గాని, మేత్రాణికి గాని మినహాయింపు లేదు.

ఇక, ఈ గడపయొద్ద నిలిచిన ముగ్గురిని జ్ఞప్తికి తెచ్చుకొందము.

ఇంగ్లాండునందలి ఆక్స్‌ఫర్డులో ప్రసిద్ధుడైన ఆంగ్లికను గురువు జాన్ హెన్రీ న్యూమన్ ఏండ్ల తరబడి చదివి, తర్కించి, 1845 అక్టోబరు 9న కతోలికుడాయెను. మిత్రులను, విద్యాపీఠమును వదలుకొనెను. చేరినచోటను కొందరు ఆయనను అనుమానించిరి. 1859లో ఆయన వ్రాసిన ఒక వ్యాసముపై రోమునకు ఫిర్యాదు పోయెను. ఆయన మౌనముగ ఓర్చెను గాని వెనుకకు పోలేదు. 1879లో కార్డినల్ అయ్యెను. 2019లో పునీతునిగను, 2025లో శ్రీసభ పండితునిగను ప్రకటింపబడెను.

వంగదేశపు బ్రాహ్మణుడు బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ 1891లో కతోలికుడయ్యెను. పుట్టుకచే హిందువుగను, విశ్వాసముచే కతోలికునిగను ఉండవచ్చునని ఆయన నమ్మకము. కాషాయము ధరించెను, వేదాంత పరిభాషలో క్రైస్తవ తత్త్వమును చెప్పబూనెను. శ్రీసభాధికారులు ఆయన పత్రికను నిరాకరించిరి. పిమ్మట స్వాతంత్ర్యోద్యమమున దిగి, 1907లో రాజద్రోహాభియోగము నడుచుచుండగనే ఆసుపత్రిలో మరణించెను. చేరినవానికి అందు చోటు ఎప్పుడును సుఖముగ ఉండునని ఆయన జీవితము చెప్పదు.

మూడవ వ్యక్తి ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ వేయి. క్రీస్తునందు గాఢమైన ప్రేమ కలిగియు ఆమె గడప దాటలేదు. తాను జ్ఞానస్నానము ఎందుకు స్వీకరింపలేకున్నదో 1942లో ఒక గురువుకు వ్రాసిన లేఖలలో వివరించెను. భిన్నముగ తలచినవారిని శపించి వెలివేసిన చరిత్ర ఆమెకు అడ్డు నిలిచెను. మరుసటి సంవత్సరమే ఆమె మరణించెను. ఈ ముగ్గురిలో ఒక్కరును దోషములు చూడనివారు కారు, తేలికగ నిర్ణయించినవారును కారు.

మన ప్రాంతపు యువకునికి వీరికి లేని చిక్కులును కొన్ని కలవు. అవి చట్టమునకు, ఇంటికి సంబంధించినవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందువులకు, తరువాతి సవరణలచే సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే చెందును. క్రైస్తవుడైన దళితునికి అది పోవును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అట్టివారిని, వారి సంతతిని బి.సి. ‘సి’ వర్గమున చేర్చి 1 శాతము రిజర్వేషను ఇచ్చుచున్నారు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగమునకు రిజర్వేషను లేదు గదాయని అతడు అనుకొనవచ్చును. కాని రేపు బిడ్డల కళాశాల సీటు ఉన్నది, ప్రభుత్వోద్యోగము ఉన్నది, అన్నింటిని మించి అత్యాచార నిరోధక చట్టపు రక్ష ఉన్నది. క్రైస్తవము స్వీకరించినవానికి ఆ చట్టము వర్తింపదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు చెప్పినది.

ఇక్కడనే ఈ ప్రశ్న అత్యంత కఠినమగుచున్నది. కులమును విడిచి సమానత్వము కొరకు వచ్చువాడు రాజ్యమిచ్చిన రక్షను కోల్పోవును. వచ్చినచోట కులము తనకంటె ముందే వచ్చి కూర్చుండి యుండవచ్చును. ఆ రెండును తెలిసి వచ్చుట వేరు, తెలియక వచ్చి మోసపోతినని తలచుట వేరు. అదే సమయమున మరియొక నిజమును చెప్పవలెను. కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన పూల ఆంథోనిగారు 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగ నియమితులై, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయిరి. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలోను మొదటి కార్డినల్ ఆయనయే. 2025 మే నెలలో పోపును ఎన్నుకొన్న సభలో ఆయనయు ఓటు వేసిరి. ఒక్కరి ఉన్నతి వలన వ్యాధి నయమైనదనరాదు. ఏమియు మారలేదనుటయు సరికాదు.

ఇతర కులములవారికిని చట్టపు చిక్కులు లేకపోలేదు. హిందూ వివాహ చట్టము ప్రకారము భార్యాభర్తలలో ఒకరు మతము మారినచో రెండవవారు విడాకులు కోరవచ్చును. హిందూ వారసత్వ చట్టపు 26వ సెక్షను ప్రకారము మతము మారిన పిదప పుట్టిన సంతానము, వారసత్వము ప్రాప్తించునాటికి తాము హిందువులైననే తప్ప, హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాజాలరు. వీనిని ముందుగ ఇంటివారితోను, న్యాయవాదితోను మాటలాడుట విశ్వాసలోపము కాదు.

తొందర అక్కరలేదని శ్రీసభ నియమములే చెప్పుచున్నవి. ఎవరినైనను మనస్సాక్షికి విరుద్ధముగ చేర్చుటను దాని ధర్మశాసనము నిషేధించుచున్నది. పెద్దవయస్సున చేరువారు 1972లో పునరుద్ధరింపబడిన క్రమము ప్రకారము కొంతకాలము సత్యోపదేశము పొంది, సాధారణముగ పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానము స్వీకరింతురు. ఇతర క్రైస్తవ శాఖలలో సక్రమముగ జ్ఞానస్నానము పొందినవారికి మరల ఈయరు; విశ్వాస ప్రమాణము చేయించి చేర్చుకొందురు. ఆ శిక్షణకాలమున మానుకొనుటకును స్వేచ్ఛ కలదు. డాక్టర్ అంబేడ్కర్ మతము మారెదనని 1935లో యేవలాలో ప్రకటించి, 1956లో నాగపూరులో బౌద్ధమును స్వీకరించెను. మధ్య గడచినవి ఇరువది యొక్క సంవత్సరములు. ఆలోచనకు పట్టిన కాలము వ్యర్థమని ఎవరనగలరు?

ఆ కాలమున అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఒకటి, ఈ బోధ సత్యమని నేను నమ్ముచున్నానా, లేక వివాహమో స్నేహమో నన్ను లాగుచున్నదా? రెండు, నేను చేరబోవు విచారణలో పిల్లల రక్షణకు ఏర్పాటేమి, ఫిర్యాదు ఎవరికి చేయవలెను, శ్మశానమునను సంఘమునను కులభేదము కలదా? ఈ మాటలు విచారణ గురువును నేరుగ అడుగవచ్చును. ఆయన ఇచ్చు సమాధానమెంత ముఖ్యమో, ప్రశ్నను స్వీకరించిన తీరు అంత ముఖ్యము. మూడు, చేరిన పిదప ఆ దోషములను నావిగ భావింపగలనా?

ఈ మూడవదియే తుదకు నిర్ణయమును తేల్చును. వెలుపల నున్నంతవరకు దోషము వార్త. లోనికి వచ్చిన పిదప అది ఇంటి అప్పు. ఉమ్మడి కుటుంబమున కోడలుగ వచ్చినది ఆస్తితోపాటు అప్పును కూడ పంచుకొన్నట్లే, చేరువాడు పునీతులతోపాటు నేరస్థులను, బాధితులను సైతము తన బంధువులుగ స్వీకరించుచున్నాడు. బాధితుని పక్షమున నోరు విప్పుటకు సిద్ధముగ ఉన్నవాడు దోషము లెరిగియు చేరవచ్చును. దోషములు లేవని తనకు తాను నచ్చజెప్పుకొని చేరువాడు, మొదటి చెడువార్త వినిననాడే వెనుకకు చూచును. నమ్మిక కుదరనివాడు గడపయొద్దనే నిలుచుటయు అగౌరవము కాదు. సత్యమును వెదకువానికి గడపయు ఒక చోటే.