ముసలి కుక్క ముక్కున నెత్తురు

కుక్క ముక్కున నెత్తురు పడితే ఏం చెయ్యాలో చెప్పగలవారు మా వీధిలో ఎంతమంది వున్నారో, మా టైగర్‌కు ఆ జబ్బు వచ్చేదాకా నాకు తెలియలేదు. వేడి చేసింది, మజ్జిగ పొయ్యమన్నారు ఒకరు. ఉల్లిపాయ దంచి పట్టమన్నారు ఇంకొకరు. (ఉల్లిపాయ కడుపులోకి పోతే కుక్కకు రక్తకణాలే విరిగిపోతాయి. ఈ వైద్యం ఎవరూ చెయ్యకండి.) ఎదురింటి పెద్దాయన మాత్రం, "పదకొండేళ్ళ కుక్కకు ఇంకా మందులేమిటండీ! ముక్కులో కంతి లేచివుంటుంది. ఒక సూది వేయించి సుఖంగా సాగనంపండి" అన్నారు. మా ఆవిడ ఆ తర్వాత వారం రోజులు ఆ ఇంటివంక చూడలేదు.

ఆయన మాట బొత్తిగా కొట్టిపారేయడానికీ లేదు. ముసలి కుక్కలకు, అందులోనూ మూతి పొడుగు వాటికి, ముక్కులో కంతులు వస్తాయి. కాని వస్తాయనడం వేరు, వచ్చిందనడం వేరు.

పశువుల డాక్టరుగారు టైగర్‌ను ముట్టుకోకముందే అడిగిన ప్రశ్న, "ఒక పక్కనుంచా, రెండు పక్కలనుంచా?" అని. ఒక పక్కనుంచే కారుతూంటే దోషం సాధారణంగా ముక్కులోనే వుంటుందట: గడ్డిముల్లు, బూజు, పై పన్ను మొదట్లో చీము, లేదా కంతి. రెండు పక్కలా కారితే నెత్తురునే అనుమానించాలి. అయితే కంతి కూడా ముదిరితే రెండో పక్కకు పాకుతుంది. మావాడికి మొదటిరోజు ఎడమపక్క, మర్నాటికి రెండుపక్కలా. అంటే తేలనట్టే!

ఆయన చిన్న అద్దం తీసి ముక్కు ముందు పట్టారు. రెండు పక్కలా ఆవిరి సమంగా పట్టింది. దారి మూసుకుపోలేదన్నమాట. మూతి ఎముకలు నొక్కి చూశారు, పళ్ళు చూశారు. తర్వాత పై పెదవి ఎత్తి కాసేపు మాట్లాడలేదు. చిగుళ్ళు పాలిపోయివున్నాయి, వాటిమీద గుండుసూది తలలంతేసి ఎర్రటి చుక్కలు. పొట్టకింద వెంట్రుకలు పాయతీస్తే అక్కడా అవే. "ముక్కును తర్వాత చూద్దాం, ముందు నెత్తురు చూడాలి" అన్నారు.

ఈ వరస ఎందుకంటే, ముక్కులోంచి ముక్క తీసి పరీక్ష చేయించాలంటే నెత్తురు గడ్డకట్టే శక్తి వుండాలి. అది లేని కుక్కకు ఆ పరీక్షే ప్రాణంమీదికి తెస్తుంది.

ఎలకలమందు తిన్నదా అని అడిగారు. ఆ మందు విటమిన్ కె పని చెడగొడుతుంది. తిన్న రోజున ఏమీ తెలియదు. కొన్నాళ్ళకు నెత్తురు పోతుంది. అప్పటికి తిన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. గడ్డకట్టే పరీక్ష చేశారు, అది సరిగానే వుంది. ముంగాలికి పట్టీ కట్టి రక్తపోటు కూడా చూశారు. మూత్రపిండాలు చెడిన ముసలి కుక్కలకు రక్తపోటు పెరిగి ముక్కు కారడం కద్దు. అదీ కాదు.

ప్లేట్‌లెట్ల లెక్క వచ్చింది: 24,000. ఆరోగ్యంగా వున్న కుక్కకు సుమారు 2 లక్షలనుంచి 5 లక్షలు వుండాలి. అవి ముద్దకడితే యంత్రం తక్కువ లెక్క చెబుతుందని గాజుపలకమీద నెత్తురు పూసి స్వయంగా చూసుకున్నారు. లెక్క నిజమే.

దోషి ఎర్లికియా అనే సూక్ష్మజీవి. గోధుమరంగు పిడుదు దీన్ని మోసుకొస్తుంది. అల్జీరియాలో 1935లో మొదట కనిపెట్టారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు వందకు పైగా ముక్కున నెత్తురు కక్కి చచ్చింది దీనివల్లనే. ఇది ఒంట్లో చేరి, ఏళ్ళ తరబడి ఏ జబ్బూ చూపకుండా ప్లీహంలో దాక్కోగలదు. మనం వయసు మీదపడిందనుకుంటాం. కుట్టిన పిడుదు ఎన్నడో చచ్చివుంటుంది!

చుక్క నెత్తురుతో చేసే శీఘ్రపరీక్ష అవునన్నా డాక్టరుగారు తృప్తిపడలేదు. ఈ క్రిమి ఎన్నడో ఒకనాడు సోకిందని మాత్రమే అది చెబుతుందట. మన ప్రాంతపు కుక్కల్లో ఆరోగ్యంగా వున్నవాటికీ అలా రావచ్చు. అందుకని పి.సి.ఆర్. పరీక్షకు వేరే నెత్తురు పంపి, ఫలితం రాకుండానే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. 28 రోజులు, అన్నం పెట్టాక.

"ఎముకల మూలుగ చెడకుండా వుంటేనే ఈ మందు పనిచేస్తుంది. అది చెడిందో లేదో నాలుగైదు రోజుల్లో తెలుస్తుంది" అని దాచకుండా చెప్పారు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో రేడియో మోగలేదు. గంట కొడితే టైగర్ మొరుగుతాడు, మొరిగితే నెత్తురు కారుతుంది. అందుకని గంటకు గుడ్డ చుట్టాం. కారినప్పుడు ముక్కు దూలంమీద మంచుముక్క గుడ్డలో చుట్టి పెట్టడమే. లోపల దూది కుక్కకూడదు, మన నొప్పిమాత్రలు అసలే వెయ్యకూడదు. మింగిన నెత్తురువల్ల దొడ్డికి నల్లగా వస్తే మా ఆవిడ ఒకటే ఏడుపు. మా ఆవిడ రోజూ తడిసిన గుడ్డలు లెక్కపెట్టేది. మొదటిరోజు తొమ్మిది, రెండోరోజు ఏడు, మూడోరోజు మళ్ళీ ఎనిమిది, నాలుగోరోజు రెండు. అయిదోరోజున పి.సి.ఆర్. ఫలితం వచ్చింది, ఎర్లికియాయే. మూడోవారానికి ప్లేట్‌లెట్లు 1,70,000. లెక్క పెరిగినా ముక్కు కారుతూనే వుంటే అప్పుడు మత్తిచ్చి గొట్టంతో లోపల చూసేవారట. ఆ అవసరం రాలేదు.

ఇక పిడుదుల సంగతి. కుక్కను ఎంత కడిగినా అవి పోవు. కడుపునిండిన ఆడపిడుదు కుక్కను వదిలి గోడ నెర్రెల్లో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అంచేత టైగర్‌కు నెలనెలా మాత్ర ఒకపక్కా, వరండా గోడలకు సిమెంటు ఒకపక్కా. మేస్త్రీ మూడు రోజులు పనిచేశాడు. గుమ్మం పక్క నెర్రెలోంచి ఒక్కచోటే చారెడు తీశాడు.