మందు ఆపడమూ వైద్యమే

డెబ్బై దాటిన ఒకావిడకు బీపీ ఉందని డాక్టరు ఆమ్లోడిపిన్ రాశారనుకుందాం. మంచి మందే, కోట్లమంది వాడుతున్నదే. కొన్ని నెలలకు చీలమండల దగ్గర నీరు పట్టింది. ఆ మందు సన్నటి రక్తనాళాలను వదులు చేస్తుంది కాబట్టి కొందరికి అలా జరుగుతుంది. కానీ ఈసారి ఆవిడ వెళ్ళింది వేరే డాక్టరు దగ్గరికి. వాపు చూసి ఆయన నీరు తీసే మాత్ర ఫ్యూరోసెమైడ్ ఇచ్చారు. దాంతో ఒంట్లో పొటాషియం తగ్గి పిక్కలు పట్టేస్తున్నాయి, మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయి. కళ్ళు తిరగడానికి సిన్నరిజిన్ వచ్చింది. రాత్రిళ్ళు నిద్ర లేదంటే ఆల్‌ప్రజోలం వచ్చింది. ఇన్ని మాత్రలకు కడుపులో మంట పుట్టకుండా పరగడుపున పాంటోప్రజోల్ వచ్చింది. కొన్నాళ్ళకు చెయ్యి వణకడం, నడక మందగించడం మొదలైతే, పార్కిన్సన్స్ అనుకుని లెవోడోపా కూడా చేరింది. ఒక్క మాత్ర ఆరయింది.

ప్రతి డాక్టరూ ఆ పూట చెప్పిన బాధకే మందు రాశారు. ఆ బాధ పాత మందు వల్ల వచ్చిందేమోనని ఎవరూ వెనక్కి చూడలేదు. మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బుగా పొరబడి మరో మందు రాయడమనే ఈ వరసను ‘ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్’ పేరుతో 1990లలో వివరించినవారు వృద్ధుల వైద్య నిపుణులు పౌలా రోషాన్, జెర్రీ గర్విట్జ్. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వల్ల వచ్చిన వణుకుకు లెవోడోపా మొదలుపెట్టడం వాళ్ళు ఎత్తిచూపిన ఉదాహరణల్లో ఒకటి. సిన్నరిజిన్ కూడా అలాంటి వణుకే తేగలదు. అయినా మన దగ్గర తల తిరుగుడుకని దాన్ని నెలల తరబడి మింగేవాళ్ళున్నారు. పెద్దవాళ్ళు కొత్తగా తూలుతున్నా, మతిమరుపు పెరిగినా, అన్నం సహించకపోయినా, జబ్బు పేరు వెతికేముందు మందుల డబ్బా తెరిచి చూడాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

పాతికేళ్ళ ఒంట్లో, ఎనభై ఏళ్ళ ఒంట్లో ఒకే మాత్ర ఒకేలా పనిచెయ్యదు. వయసు మీదపడేకొద్దీ కండ తగ్గి కొవ్వు శాతం పెరుగుతుంది. కొవ్వులో కరిగే మందులు అక్కడే తిష్ఠ వేస్తాయి. ఆందోళనకు ఇచ్చే డయాజిపామ్ రక్తంలో సగానికి తగ్గడానికి ఇరవయ్యేళ్ళవారిలో సుమారు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్ళవారిలో 80, 90 గంటలు పడుతుందని 1970లలోనే తేలింది. అంటే సోమవారం రాత్రి వేసుకున్న మాత్ర గురువారం రాత్రికీ సగం ఒంట్లోనే ఉంటుంది. ఈలోగా మంగళ, బుధవారాల మాత్రలు దానిమీద పేరుకుంటాయి. పొద్దున్నే బాత్రూములో కాలు తడబడితే నేలమీది తడినే తప్పు పడతాం.

మూత్రపిండాల వడపోత నలభై దాటాక ఏటా కాస్త కాస్త తగ్గుతూ వస్తుంది. రిపోర్టులో క్రియాటినిన్ నార్మల్ అని కనిపించినా ధీమా పడకూడదు. క్రియాటినిన్ పుట్టేది కండల్లో. కండ కరిగిన బక్కపల్చటి మనిషిలో అది పుట్టడమే తక్కువ కాబట్టి, వడపోత బాగా పడిపోయినా అంకె మామూలుగానే ఉండొచ్చు. వయసును కూడా లెక్కలోకి తీసుకునే ఈజీఎఫ్ఆర్ అంకె ఎంతో డాక్టరుగారిని అడగాలి. మోతాదు తేల్చవలసింది దాన్నిబట్టే. షుగర్ మాత్రల విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి మూత్రపిండాలు నెమ్మదించిన ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, షుగర్‌ను ప్రమాదకరంగా పడగొడతాయి. పెద్దవాళ్ళలో అప్పుడు చెమటలు, దడ కనిపించకపోవచ్చు. మాట తడబడుతుంది, మనిషి అయోమయంలో పడతారు. అందుకే చాలా జబ్బులతో నీరసించిన పెద్దవారికి మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 8 దాకా ఉన్నా ఫరవాలేదని మధుమేహ మార్గదర్శకాలే చెబుతున్నాయి. తాతగారికి 6 వచ్చిందని సంబరపడేముందు అది ఎన్ని మాత్రల మీద వచ్చిందో చూడాలి.

పెద్దవాళ్ళకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టికను 1991లో అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ బృందం తయారుచేసింది. 2023లో దాన్ని మళ్ళీ సవరించారు. అందులోని ఆస్పిరిన్ సంగతి అందరూ తెలుసుకోవాలి. గుండెజబ్బు రాకముందే జాగ్రత్తకోసం రోజూ ఒక చిన్న ఆస్పిరిన్ వేసుకోవడం చాలా ఇళ్ళలో అలవాటు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులమీద జరిగిన ఆస్ప్రీ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ మాత్ర వైకల్యం లేని ఆయుష్షును పెంచలేదు, రక్తస్రావాలను మాత్రం పెంచింది. గుండెపోటు వచ్చినవారి సంగతి, స్టెంట్ వేయించుకున్నవారి సంగతి వేరు. వారికి ఆస్పిరిన్ అవసరం, సొంతంగా ఆపకూడదు.

ఏళ్ళుగా అలవాటైన నిద్రమాత్రను ఎవరు మానగలరని అనుకుంటాం. కెనడాలోని క్యుబెక్‌లో కారా టానెన్‌బామ్ బృందం 303 మంది పెద్దవారితో ప్రయత్నించింది. ఆ మాత్రల ప్రమాదాలు, వాటిని మెల్లమెల్లగా తగ్గించుకునే పద్ధతి ఉన్న చిన్న పుస్తకం కొందరి ఇళ్ళకు పంపింది, అంతే. ఆరు నెలలకు పుస్తకం అందినవారిలో 27 శాతం మంది మాత్ర పూర్తిగా మానేశారు. అందనివారిలో మానినవారు 5 శాతమే. 2014లో వచ్చిన ఈ ఫలితం నాకు ఎంతో ఆశ కలిగిస్తుంది. విషయం విడమరచి చెబితే పెద్దవాళ్ళు వింటారు, తమంతట తామే డాక్టరును అడుగుతారు.

అలాగని మాత్రల సంఖ్య తగ్గితే అన్నీ బాగుపడతాయని చెప్పలేం. ఐరోపాలో 2,008 మంది వృద్ధులమీద జరిగిన ఆపరామ్ పరీక్షలో మందులను సరిదిద్దినా ఆసుపత్రి పాలవడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అయితే అనవసరపు మందులు తీసేసినందువల్ల హానీ కనబడలేదు. నా దృష్టిలో అదీ చిన్న విషయం కాదు.

మన ఇళ్ళలో చిక్కు ఇంకొకటి. గుండె డాక్టరు చీటీ ఒకటి, మోకాళ్ళ డాక్టరుది ఒకటి, ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చినవి కొన్ని, చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కొన్ని. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన విటమిన్ సీసాలు వేరే. రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎక్కువ కాబట్టి, పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. ఒకే నొప్పి మందు రెండు పేర్లతో రోజుకు నాలుగుసార్లు పడుతుంటే మూత్రపిండాలు ఏమవుతాయి? అందుకే చీటీలు కాదు, ఇంట్లో ఉన్న మాత్రలు, సిరప్పులు, ఆయుర్వేద చూర్ణాలు, కళ్ళ చుక్కలతో సహా ఒక సంచిలో వేసుకుని, మొత్తం చూసే ఒక్క డాక్టరు ముందు పెట్టాలి. ఒక్కొక్కటీ చూపించి, ఇది దేనికి, ఇంకా అవసరమా, ఎప్పటిదాకా అని అడగాలి.

సొంతంగా ఆపడం మాత్రం ప్రమాదం. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ, గుండె మందులు హఠాత్తుగా మానేస్తే గుండెనొప్పి ముంచుకురావచ్చు. చాలాకాలం వాడిన ఆల్‌ప్రజోలం, క్లోనజిపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. స్టెరాయిడ్లనూ అలా హఠాత్తుగా ఆపకూడదు. నెలల తరబడి వేసుకున్న పాంటోప్రజోల్ మానితే కొన్నాళ్ళు ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా ఊరుతుంది. అది చూసి మాత్ర లేకపోతే బతకలేననుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు ఎక్కువ. మోతాదు తగ్గిస్తూ వస్తే ఆ ఇబ్బంది తగ్గవచ్చు. డాక్టరు సరేనన్నాక కూడా ఒక్కసారికి ఒక్క మందే తగ్గించాలి. అప్పుడే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. తగ్గించిన తేదీ క్యాలెండరు మీద రాసి, ఆ వారాల్లో బీపీ, నిద్ర, నడక ఎలా ఉన్నాయో పక్కనే రాసుకుని, తర్వాతిసారి డాక్టరుకు చూపించాలి.