ధ్వనిశిల్పి టామ్ డౌడ్

పాట వినువారందరును గాయకుని పేరెరుగుదురు. గాజుగోడ వెనుక గూర్చుండి ఆ పాటను యంత్రమున నిలిపినవాని పేరెరిగినవారు అరుదు. అట్టి మరుగుననున్నవారిలో శ్రేష్ఠుడు టామ్ డౌడ్.

ఈతడు 1925వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. తల్లి సంగీతనాటకములలో పాడునది. బాల్యముననే ఈతనికి సంగీతమును, గణితమును సమముగ నబ్బెను. పదునారవ యేట ఉన్నతపాఠశాల ముగించి, పిమ్మట కొలంబియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనికి గుదిరెను. ఆ పని అణుబాంబు నిర్మాణమునకై రహస్యముగ సాగిన మన్‌హాటన్ ప్రణాళికలోనిది. 1945లో యుద్ధము ముగిసినది. అణుశాస్త్రజ్ఞుడు కావలెనని డౌడ్ కోరెను గాని, తాను నేర్చినది రాజ్యరహస్యము. కళాశాల పాఠములో, ప్రయోగశాలలో దానెరిగినదానికంటె వెనుకబడియుండెను. కావున ఆ చదువు మాని, పాటలను రికార్డుచేయు శాలలో బ్రవేశించెను.

ఆ కాలమున గాయకుడును వాద్యకారులును ఒక్కమారే పాడి వాయింపవలెను. ధ్వనులన్నియు ఒకే జాడలో గలిసిపోవును. ఒకడు తప్పిన అందరును మరల మొదలిడవలసినదే. 1950ల చివర ఆంపెక్సు కంపెనీవారు ఒకే అయస్కాంతపు నాడాపై ఎనిమిది వేర్వేరు జాడలు గల యంత్రమును నిర్మించిరి. డౌడ్ పట్టుబట్టి దానిని తాను పనిచేయు అట్లాంటిక్ కంపెనీకి దెప్పించెను. గాత్రమొక జాడ, మద్దెల యొక జాడ, గిటారొక జాడ; వేర్వేరుగ నిలిపి, తరువాత వలసినంత హెచ్చించి తగ్గించి కలుపవచ్చును. ధ్వనిని హెచ్చించుటకు అంతవరకు గుండ్రని మరలుండెడివి. ఒక చేతితో ఒక్కదానినే త్రిప్పనగును. డౌడ్ వానికి మారుగ నిలువున జరుపు మీటలనమర్చెను. పియానో వాయించువానివలె వ్రేళ్లన్నిటితో పెక్కు ధ్వనుల నొక్కమారే నడపగలిగెను.

రే చార్లెస్, జాన్ కోల్ట్రేన్, అరీతా ఫ్రాంక్లిన్ మొదలగువారి పాటలు ఈతని చేతిమీదుగ వెలువడెను. పిమ్మట రాక్ సంగీతమునకు నిర్మాత యయ్యెను. 1970లో ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్ల గిటారు విద్వాంసుని, మయామీలో డ్వేన్ ఆల్మన్ వాయించుచున్న కచేరీకి వెంటబెట్టుకొని పోయెను. ఒకరి వాద్యము నొకరు మెచ్చుకొనిరి. ఆ సంవత్సరమే వారిరువురును గలిసి వాయించిన 'లైలా' ప్రసిద్ధికెక్కెను. ధ్వనులను వేరుచేయుట యంత్రము పని. మనుష్యులను గలుపుట డౌడ్ పని.

2002వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన ఫ్లారిడాలో ఈతడు మృతినొందెను.

విద్యార్థులారా, కోరిన చదువు చేజారినను నేర్చిన విద్య చెడదు. ఏ కొలతలయందు ఆ బాలుడు ఆరితేరెనో అవియే పాటకు దోడ్పడెను. ఆదివారము దేవాలయమున కీర్తన పాడునపుడు మీ కంఠమును గొంచెము తగ్గించి, ప్రక్కవాని మెల్లని కంఠమును ఆలకింపుడు. డౌడ్ జీవితమంతయు జేసినది అదియే.