వెలగని చోటే జవాబు

భద్రాచలం అడవుల్లో కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములు తలకు ధరించి, డోళ్లు వాయిస్తూ ఆడుతూంటే చూసేవారి గుండెలు ఝల్లుమంటాయి. అన్ని దెబ్బలకూ ఓర్చుకొనే ఆ తోలులో ఏముంది? కొలాజెన్ అనే మాంసకృత్తు! మన చర్మానికీ, ఎముకలకూ బలం కూడా అదే సుమా.

ఇది మూడు పేటల తాడు వంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా లోకానికి చెప్పారు. మనిషి ఒంట్లో ఈ తాళ్లు 28 రకాలు. ఏది ఎక్కడుందో ఉత్త సూక్ష్మదర్శినికి తేలదు. గుర్తుపట్టే గూఢచారి కావాలి.

మనిషి కొలాజెన్‌ను కుందేలుకు సూదితో ఎక్కిస్తే, దాని ఒళ్లు పరాయిదని పసిగట్టి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. రక్తరసి నుంచి వాటిని వేరుచేసి, మెరిసే రంగు అంటించి, శరీరభాగపు పలచని పొరపై వేస్తే, తాము ఎరిగిన రకాన్నే పట్టుకొని వెలుగుతాయి. ఒకే అచ్చులో పోసినట్టుండే ప్రతిరక్షకాలను ఎంతైనా తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టారు.

ఇందువల్ల మనకేమిటంటారా? ఒక పిల్లవాడికి మూత్రంలో నెత్తురు పడుతూ, వినికిడి తగ్గుతోందనుకోండి. మూత్రపిండాల్లోని వడపోత పొర నాలుగవ రకం కొలాజెన్ అల్లిక. ఆల్పోర్ట్ వ్యాధిలో ఆ అల్లిక చెడుతుంది. చాలామంది మగపిల్లల్లో ఒక పేట బొత్తిగా కనిపించదు. మూత్రపిండం నుంచి తీసిన చిన్న ముక్కపై ఆ పేటను పట్టే ప్రతిరక్షకం వేసినపుడు, వెలగవలసిన చోట చీకటి మిగిలితే వైద్యునికి జవాబు దొరికినట్టే. వెలిగినంత మాత్రాన వ్యాధి లేదని మాత్రం కాదు. అప్పుడు జన్యుపరీక్ష అవసరం.

ఇది తరచు తల్లి ద్వారా సంక్రమించే వ్యాధి. కనుక తోబుట్టువులనూ, తల్లినీ, మేనమామలనూ పరీక్షించాలి. త్వరగా మందులు మొదలుపెడితే మూత్రపిండాలు చెడే రోజును ఏళ్ల తరబడి వెనక్కు నెట్టవచ్చు.