అటక మీది పెట్టెలో తొలి కంప్యూటరు

దసరాకి అటక దులిపి, పాత కాగితాలు తూకానికి వేసేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి! మీ మామగారో, బాబాయిగారో హైదరాబాదు ఈసీఐఎల్‌లో పనిచేసినవారైతే ఆ ట్రంకుపెట్టె తెరిచి చూడండి.

1967లో మొదలైన ఆ సంస్థకు ప్రాణం పోసింది పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావుగారు. ట్రాంబేలో 1969లో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటరును ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది. తర్వాత టీడీసీ-312, 316 వచ్చాయి. మెషిన్లు తుక్కుకి పోయినా, వాటినెలా నడిపేవారో మాన్యువళ్లు చెబుతాయి. అంచుల్లో ఇంజనీరు పెన్సిల్‌తో రాసుకున్న సవరణలు మాత్రం ఇంకో కాపీలో దొరకవు సుమండీ.

మా భద్రాచలం వైపు చెదలు, చెమ్మ చాలవన్నట్టు గోదారి ఒకటి. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది! అందుకే పెట్టెను గోడకి ఆనించకుండా ఎత్తున పెట్టండి. తుప్పుపట్టే గుండుసూదులు తీసెయ్యండి. సెల్లోటేపు, లామినేషన్ జోలికి పోవద్దు.

తడిసిందా? ఎండలో వెయ్యకండి, అంటుకున్న పేజీలు గుంజకండి. మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి ఫ్యానుగాలికి ఆరనివ్వండి. రెండు రోజుల్లో ఆరదనిపిస్తే పాలిథిన్ సంచిలో చుట్టి డీప్‌ఫ్రీజర్లో పెట్టండి, బూజు పట్టదు. (ఐస్‌క్రీం పక్కన మాన్యువలా అని మావారు నవ్వారు!) తీరిగ్గా ఒక్కొక్కటీ తీసి ఆరబెట్టుకోవచ్చు.

ఆరాక ప్రతి పేజీ సెల్‌ఫోన్లో ఫొటో తీయండి. ఏ మెషిన్‌ది, ఏ ఏడాదిది, ఆ చేతిరాత ఎవరిది? మామగారు ఓపికగా ఉన్నప్పుడే అడిగి, వేరే కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి.