కడుపుతో ఉన్నప్పుడు పుట్టుమచ్చ కోయించవచ్చా?

మా వదినకు ఐదో నెల. అరికాల్లోని పుట్టుమచ్చ రెండు నెలల్లో పెరిగింది. అంచులు వంకరపోయి, ఒకచోట గోధుమరంగు, ఒకచోట నలుపు తేలింది. "కడుపుతో ఉన్న మనిషికి కత్తి తగలకూడదు, పురుడయ్యాక చూద్దాం" అంది అమ్మ.

శాస్త్రం అలా అనదు. గర్భిణికి పొట్ట, రొమ్ముల మీది మచ్చలు చర్మం సాగడంవల్ల కొంచెం పెద్దవి కావచ్చు. అరికాలు సాగదు గదా! ఆకారం, అంచు, రంగు మారినా, 6 మిల్లీమీటర్లు దాటినా అనుమానించాలి. మెలనోమా అనే క్యాన్సర్ నల్లని చర్మం వాళ్లకు వస్తే ఎక్కువగా అరికాళ్లు, అరిచేతులు, గోళ్లకిందనే వస్తుంది.

మరి ఎప్పుడు తియ్యాలి? అందం కోసమైతే కాన్పయ్యేదాకా ఆగవచ్చు. అనుమానముంటే ఏ నెలైనా ఆగకూడదు. మత్తు మనిషికి కాదు, ఆ చోటికే ఇస్తారు; సరైన మోతాదులో లిడోకెయిన్ గర్భిణులకు వాడదగిందే. నెలలు నిండినవాళ్లను ఎడమపక్కకు ఒత్తిగిల్లబెడతారు, గర్భసంచి బరువు పెద్ద సిరమీద పడకుండా. తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తేగాని నిజం తేలదు.

వదిన ఒప్పుకుంది. కణాలు కొంచెం తేడాగా ఉన్నాయిగాని, క్యాన్సర్ కాదని తేలింది. "చూశావా, ఊరికే కోయించారు" అంది అమ్మ. ఊరికే కాదు. కోయకముందు ఆ సంగతి ఎవరికి తెలుసు?